లొకేట్‌లో ఫైల్ ఒక రోజు దొరుకుతోంది, ఒక రోజు దొరకట్లేదు

శుభలేఖ_సర్వర్:

అందరికీ నమస్తే. కమాండ్లు, ఫోల్డర్ల పేర్లు కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నా, ఫోన్‌లో మాటిమాటికీ కీబోర్డు మార్చే ఓపిక లేదు. మీరూ అలాగే రాసేయండి, నాకు అర్థమవుతుంది.

మాది చిక్కడపల్లిలో చిన్న ప్రెస్. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, డిసెంబర్ వచ్చిందంటే క్యాలెండర్లు. నేను డిజైనర్‌ని. ఆఫీసులో నల్ల స్క్రీన్ చూసి భయపడనివాణ్ని నేనొక్కణ్నే కాబట్టి సర్వర్ కూడా నా నెత్తిన పడింది. ఉబుంటు సర్వర్, పోయిన నెలలో 20.04 నుంచి 22.04కి అప్‌గ్రేడ్ చేశాను. 2011 నుంచి చేసిన కార్డులన్నీ అందులోనే ఉన్నాయి, మూడున్నర లక్షల ఫైళ్ల పైమాటే. ఎవరైనా పాత కార్డు అడిగితే లొకేట్‌లో (పేరును బట్టి ఫైళ్లు వెతికే కమాండ్) పేరు కొట్టి రెండు సెకన్లలో తీసిచ్చేవాణ్ని. ఓనర్ దగ్గర నాకున్న కాస్త పరపతీ దాని పుణ్యమే.

ఇప్పుడు అదే నా పరువు తీస్తోంది. పోయిన శనివారం విద్యానగర్ నుంచి ఒక ఆంటీ వచ్చింది. చేతిలో 2019లో మేమే వేసిన పెద్దమ్మాయి కార్డు, చిన్నమ్మాయికీ అదే నెమలి బోర్డర్ కావాలంది. లొకేట్ కొడితే ఖాళీ. ఎర్రర్ కూడా లేదు, ఊరికే కర్సర్ కింది లైన్‌కి వచ్చి నిలబడింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే నలభై నిమిషాలకి దొరికింది, పాత డిస్కులో భేషుగ్గా ఉంది. ఆంటీ ఆలోపు రెండు టీలు తాగి, "దీనికన్నా మా ఇంట్లో బీరువా నయం బాబూ" అని వెళ్లింది.

అదొక్కటే అయితే ఊరుకునేవాణ్ని. నిన్న పొద్దున సేవ్ చేసిన ఫైల్ ఇవాళ సాయంత్రం దాకా రాదు, కానీ మొన్న సేవ్ చేసింది గంటలోనే వచ్చింది. పోయిన వారం డిలీట్ చేసినవేమో ఇంకా లిస్టులో కనిపిస్తున్నాయి. సూడోతో (అడ్మిన్ అధికారంతో) కొడితే వచ్చే కొన్ని ఫైళ్లు, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి తన లాగిన్‌తో కొడితే రావు. ఇంకోటి, ఇంతకుముందు "లొకేట్ నెమలి హంస" అని కొడితే నెమలివీ హంసవీ అన్నీ వచ్చేవి, ఇప్పుడు ఒక్కటీ రాదు. డిస్కు పోతోందా? అప్‌గ్రేడ్‌లో ఏమన్నా చెడగొట్టానా? ముహూర్తాలు మొదలైతే నాకు ఊపిరాడదు, అంతకుముందే తేల్చుకోవాలి.

రెండు_ముక్కల్లో:

సూడో అప్‌డేట్‌డీబీ కొట్టు. అయిపోతుంది.

శుభలేఖ_సర్వర్:

అది తెలుసన్నా, కొట్టాను. కొట్టిన పూట బాగుంటుంది, మర్నాడు మళ్లీ మొదటికే. పైగా పాత డిస్కులోవి అది కొట్టాక కూడా రావట్లేదు.

కూకట్‌పల్లి_రూట్:

డిస్కు ఏమీ పోవట్లేదు, టెన్షన్ పడకు. నీ పోస్టులో ఒక రోగం కాదు, నాలుగైదు ఉన్నాయి, అన్నీ ఒకేసారి బయటపడేసరికి సర్వర్‌కి దయ్యం పట్టినట్టు అనిపిస్తోంది. ఒక్కొక్కటి విప్పుదాం.

ముందు ఒక సంగతి. లొకేట్ డిస్కు వైపు కన్నెత్తి కూడా చూడదు. అప్‌డేట్‌డీబీ అనేది రోజుకోసారి డిస్కంతా తిరిగి పేర్లన్నీ ఒక డేటాబేస్‌లో రాసిపెడుతుంది, లొకేట్ ఆ చిట్టా చదివి చెప్తుంది, అంతే. అందుకే డిలీట్ చేసినవి కనిపిస్తాయి, కొత్తవి కనిపించవు. డిలీట్ అయినవి వద్దనుకుంటే లొకేట్ -ఈ అని కొట్టు, అప్పుడు చూపించే ముందు ఫైల్ నిజంగా ఉందో లేదో చూసుకుంటుంది. కొత్తవి రావాలంటే మాత్రం చిట్టా తిరగరాయాల్సిందే.

కాబట్టి అసలు ప్రశ్న, చిట్టా ఎప్పుడు రాస్తోంది? రెండు కమాండ్లు కొట్టి వచ్చింది ఇక్కడ పెట్టు. ఒకటి సూడో ఎల్ఎస్ -ఎల్ /వార్/లిబ్/ప్లొకేట్, డేటాబేస్ ఫైల్ తేదీ, టైము చూడాలి (22.04లో లొకేట్ అసలు పేరు ప్లొకేట్). రెండోది సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్, అందులో ప్లొకేట్-అప్‌డేట్‌డీబీ అనే లైన్. అలాగే ఆ సర్వర్ రాత్రంతా ఆన్‌లో ఉంటుందా లేదా, అదీ చెప్పు.

శుభలేఖ_సర్వర్:

చివరి ప్రశ్న ఎలా అడిగావన్నా, పక్కన కూర్చుని చూసినట్టు. రాత్రి ఉండదు. ఓనర్ ఎనిమిదింటికి షట్టర్ దించేముందు సర్వర్ ఆపించేస్తాడు. "రాత్రి ఎవడు వాడతాడు, కరెంటు బిల్లు నువ్వు కడతావా" అంటాడు. పొద్దున పదింటికి నేనే ఆన్ చేస్తా.

డేటాబేస్ తేదీ చూస్తే ఇవాళ్టిది కాదు, నిన్నటిదీ కాదు, మొన్న సాయంత్రం 4:47. టైమర్ లైన్‌లో ఇవాళ రాత్రి 9:12కి నడుస్తుందని రాసి ఉంది. తొమ్మిదింటికి మా సర్వర్ నిద్రపోతూ ఉంటుంది కదా!

కూకట్‌పల్లి_రూట్:

దొరికాడు దొంగ. ఇది చాలామందికి అంతుపట్టదు కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

ఆ టైమర్ ఫైల్‌ని సిస్టమ్‌సీటీఎల్ క్యాట్‌తో తెరిచి చూడు. ఆన్‌క్యాలెండర్ దగ్గర డైలీ అని ఉంటుంది, అంటే అర్ధరాత్రి పన్నెండు. కింద పర్సిస్టెంట్ ట్రూ అని ఉంటుంది, అంటే ఆ టైముకి మెషిన్ ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేశాక ఆ బాకీ తీరుస్తుంది. ఇక్కడివరకూ చదివినవాడు "అయితే పొద్దున పదింటికి నడవాలి కదా" అనుకుంటాడు. మెలిక మూడో లైన్‌లో ఉంది. ర్యాండమైజ్డ్‌డిలేసెక్ 12 గంటలు. చాలా మెషిన్లు ఒకేసారి డిస్కు మీద పడకుండా ఉండాలని, సున్నా నుంచి పన్నెండు గంటల మధ్య ఏదో ఒక ఆలస్యం చీటీ తీసినట్టు తీసి కలుపుతుంది. బాకీ తీర్చే పనికి కూడా ఆ ఆలస్యం వర్తిస్తుంది, ఈ టైమర్లని నడిపే సిస్టమ్‌డీ మాన్యువల్‌లోనే ఆ మాట ఉంది.

నీ సర్వర్ ఆన్‌లో ఉండేది పది గంటలు. చీటీ పన్నెండు గంటలది. చీటీలో పదకొండు గంటలు పడితే రాత్రి తొమ్మిది అవుతుంది, అప్పటికి ఓనర్ ఆపేసి ఉంటాడు, మర్నాడు పొద్దున కొత్త చీటీ. లెక్క వేస్తే సగటున ఆరు రోజుల్లో ఒక రోజు అసలు నడవదు. నడిచిన రోజు కూడా పొద్దున పదిన్నరకే నడిచేస్తే ఆ రోజు చేసిన పని అందులో ఉండదు, మర్నాడు రాత్రి ఏడింటికి పడితే అప్పటిదాకా నీ ఫైల్ అజ్ఞాతవాసమే. మొన్న గంటలో దొరికిందన్నావే, ఆ రోజు చీటీ నీకు కలిసొచ్చింది, అంతకన్నా ఏం లేదు.

మందు ఇదీ. సూడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ ప్లొకేట్-అప్‌డేట్‌డీబీ.టైమర్ అని కొడితే ఎడిటర్ తెరుచుకుంటుంది, # తో మొదలయ్యే లైన్లు కొన్ని ముందే ఉంటాయి, పైన వాటి మధ్య ఉన్న ఖాళీలోనే రాయాలి. అందులో చదరపు బ్రాకెట్లలో టైమర్ అని రాసి, కింద ముందుగా ఆన్‌క్యాలెండర్= అని ఖాళీగా వదిలేసిన లైన్ ఒకటి ఉండాలి. ఇది మర్చిపోతే పాత డైలీ పోదు, నీ టైము దానికి తోడవుతుంది అంతే. తర్వాత ఆన్‌క్యాలెండర్=13:30, ఇంకో లైన్‌లో ఆన్‌క్యాలెండర్=18:00, ఇంకో లైన్‌లో ర్యాండమైజ్డ్‌డిలేసెక్=0. పొద్దున కూడా కావాలంటే ఆన్‌బూట్‌సెక్=10మిన్ కలుపు. మధ్యాహ్నం భోజనాల టైములో నడిస్తే ఎవరికీ అడ్డు రాదు. అయినా ప్రతిసారీ అన్నీ మొదట్నుంచి చదవదు, ఫోల్డర్ మారిన టైము పాతదే అయితే అందులోని పేర్లు పాత చిట్టాలోంచే ఎత్తుకుంటుంది, అందుకే రెండోసారి నుంచి చకచకా అయిపోతుంది.

ఒకవేళ అది నడుస్తుండగా ఓనర్ ఆపేసినా భయం లేదు, కొత్త చిట్టా పూర్తయ్యాకే పాతదాని స్థానంలోకి వస్తుంది. కానీ ఆయన మెయిన్ స్విచ్ ఆపుతున్నాడా, షట్‌డౌన్ చేస్తున్నాడా? మెయిన్ స్విచ్ అయితే ముందు ఆ అలవాటు మాన్పించు, లొకేట్ సంగతి తర్వాత.

శుభలేఖ_సర్వర్:

షట్‌డౌన్ బటనే అన్నా, అది ఆయనకి నేనే నేర్పా. టైమర్ మార్చాను, లిస్టులో 13:30 కనిపిస్తోంది. ప్రాణం లేచొచ్చింది.

ఫైండ్_చాలు:

ఇంత రామాయణం దేనికి? లొకేట్ తీసేసి ఫైండ్ వాడుకోండి. ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, చిట్టా లేదు, టైమర్ లేదు, చీటీ లేదు.

కూకట్‌పల్లి_రూట్:

మూడున్నర లక్షల ఫైళ్లు, తిరిగే డిస్కు, పక్కనే నలుగురు డిజైనర్లు అదే డిస్కులోంచి పెద్ద పెద్ద ఫైళ్లు తెరుస్తుంటారు. కౌంటర్ దగ్గర కస్టమర్‌ని నిలబెట్టి ఫైండ్ కొట్టి చూడండి, ఆంటీ ఈసారి టీ కాదు, భోజనం కూడా చేసి వెళ్తుంది.

కానీ మీ మాటలో సగం పనికొస్తుంది. చిట్టా రాశాక వచ్చిన ఫైళ్లవరకే ఫైండ్‌తో వెతకొచ్చు. సూడో ఫైండ్ /సర్వ్/కార్డులు -సీన్యూవర్ /వార్/లిబ్/ప్లొకేట్/ప్లొకేట్.డీబీ -నేమ్, ఆ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య పేరు. డేటాబేస్ కన్నా కొత్తవి మాత్రమే చూపిస్తుంది. -న్యూవర్ కాకుండా ముందు సీ ఉన్నదే వాడు, ఎందుకంటే కస్టమర్ పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసిన ఫోటోలు వాటి పాత తేదీతోనే దిగుతాయి చాలాసార్లు, -న్యూవర్ వాటిని పాతవే అనుకుని వదిలేస్తుంది. అయితే ఇదీ ఫోల్డర్లన్నీ తిరగాల్సిందే, కాబట్టి మొత్తం డిస్కు మీద వదలకుండా ఈ ఏడాది ఫోల్డర్ మీద మాత్రం వదులు.

సైనిక్‌పురి_అక్క:

టైమర్ సంగతి తేలింది సరే, పాత డిస్కు సంగతి ఎవరూ పట్టించుకోలేదే. తమ్ముడూ, ఆ డిస్కు ఎక్కడ మౌంట్ చేశావు, అంటే ఏ ఫోల్డర్‌కి తగిలించావు?

శుభలేఖ_సర్వర్:

/మీడియా/పాతడిస్క్ అక్కా. ఇంతకుముందు అన్నీ ఒకే డిస్కులో /సర్వ్ కింద ఉండేవి. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు కొత్త 4 టీబీ పెట్టి, పాతదాన్ని అలాగే మీడియాలో తగిలించాను, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ఎక్కడ తగలాలో చెప్పే ఫైల్) కూడా రాశాను.

సైనిక్‌పురి_అక్క:

అనుకున్నా. /ఈటీసీ/అప్‌డేట్‌డీబీ.కాన్ఫ్ తెరువు. అందులో ప్రూన్‌పాత్స్ అని ఒక లైన్ ఉంటుంది, /టెంప్, /వార్/స్పూల్, వాటి పక్కనే /మీడియా. ఈ లైన్‌లో ఉన్న ఫోల్డర్ల గడప కూడా తొక్కదు అప్‌డేట్‌డీబీ. పెన్‌డ్రైవ్‌లూ సీడీలూ తగిలించే చోటు కదా, వాటి పేర్లు చిట్టాలో ఎందుకని ఉబుంటు వాళ్లు ముందే తీసేశారు. నువ్వు సూడో అప్‌డేట్‌డీబీ వందసార్లు కొట్టినా ఆ నెమలి రాదు. నాకు దీంట్లో నచ్చనిదల్లా ఒకటే, "ఇది వెతకలేదు" అని ఒక్క ముక్క చెప్పదు, లేనట్టే ఊరుకుంటుంది.

ఆ లైన్‌లోంచి /మీడియా తీసేస్తే పనవుతుంది, కానీ రేపు ఎవరో కస్టమర్ పెన్‌డ్రైవ్ తగిలిస్తే వాళ్ల ఇంటి ఫోటోలన్నీ నీ చిట్టాలోకి ఎక్కుతాయి. అంతకన్నా డిస్కునే మార్చు. ఎఫ్‌స్టాబ్‌లో /మీడియా/పాతడిస్క్ బదులు /సర్వ్/పాతవి అని రాయి, డిస్కుని యూయూఐడీతోనే (దాని సొంత గుర్తింపు సంఖ్య) పిలువు, ఆప్షన్లలో నోఫెయిల్ కూడా పెట్టు, లేకపోతే ఆ పాత డిస్కు ఏదో ఒక రోజు మొండికేసినప్పుడు సర్వర్ బూట్ కాకుండా మధ్యలో నిలబడుతుంది. విండోస్ మెషిన్లకి ఫోల్డర్లు పంచే సాంబా కాన్ఫ్‌లో ఆ షేర్ పాత్ మార్చు. షేర్ పేరు మార్చకు సుమా, డిజైనర్ల విండోస్ మెషిన్లలో డ్రైవ్ అక్షరం ఆ పేరుకే కట్టి ఉంటుంది.

షార్ట్‌కట్‌గా బైండ్ మౌంట్ (ఉన్న ఫోల్డర్‌నే రెండో చోట కూడా కనిపించేలా తగిలించడం) చేద్దామని మాత్రం అనుకోకు. అదే ఫైల్‌లో పైన ప్రూన్_బైండ్_మౌంట్స్ ఎస్ అని ఉంటుంది, బైండ్ మౌంట్ కనిపిస్తే దాన్నీ దాటేస్తుంది. మీడియాలోదేమో ప్రూన్‌పాత్స్ వల్ల పోతుంది, సర్వ్‌లోదేమో బైండ్ వల్ల పోతుంది. నేను ఒకసారి దీంతో ఒక మధ్యాహ్నమంతా తలపట్టుకు కూర్చున్నా. రేపెప్పుడైనా ఎన్ఏఎస్ (నెట్‌వర్క్ మీద వాడే డిస్కు పెట్టె) కొంటే కూడా గుర్తుపెట్టుకో, ప్రూన్‌ఎఫ్ఎస్ లైన్‌లో ఎన్ఎఫ్ఎస్, సిఫ్స్ రెండూ ఉంటాయి, నెట్‌వర్క్ మీద మౌంట్ చేసినవి చిట్టాలోకి రావు.

కౌంటర్ అమ్మాయి సంగతి వేరు. లొకేట్ అందరికీ ఒకే చిట్టా చదువుతుంది, కానీ అడిగినవాళ్లు ఆ ఫోల్డర్‌లోకి వెళ్లగలరా లేదా అని చూసి, వెళ్లలేకపోతే ఆ పేరే చూపించదు. ఇంకొకరి ఫైళ్ల పేర్లు ఎందుకు తెలియాలని అలా పెట్టారు, అది మంచిదే. పై నుంచి కింది దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ ఆమె గ్రూపుకి రీడ్, ఎగ్జిక్యూట్ రెండూ ఉండాలి. నేమ్‌ఐ -ఎల్ అని కొట్టి ఆ ఫైల్ పూర్తి దారి ఇస్తే మెట్టుమెట్టుకీ ఎవరికి ఏ అనుమతి ఉందో నిలువుగా చూపిస్తుంది, ఎక్కడ తాళం పడిందో కంటికే తెలిసిపోతుంది. అంతేగానీ చిరాకొచ్చి అన్నిటికీ 777 (అందరికీ అన్ని అనుమతులు) కొట్టకు.

శుభలేఖ_సర్వర్:

అక్కా, దండం. మీడియా లైన్ అక్కడే ఉంది. డిస్కు మార్చి, అప్‌డేట్‌డీబీ కొట్టి, నెమలి అని వెతికితే 212 వచ్చాయి. నేమ్‌ఐ కొడితే 2016 ఫోల్డర్ పాత డిజైనర్ పేరు మీద 700లో (మిగతా యూజర్లెవరికీ అనుమతి లేకుండా) ఉంది, అతను మానేసి నాలుగేళ్లయింది. 777 గురించి ఎందుకన్నావో కూడా అర్థమైంది, నా వేళ్లు అప్పటికే అటు వెళ్తున్నాయి.

నెమలి హంస సంగతి?

రెండు_ముక్కల్లో:

అది బగ్ కాదు, పద్ధతి మారింది. పాతది ఎమ్‌లొకేట్, కొత్తది ప్లొకేట్. ఎమ్‌లొకేట్‌కి రెండు మాటలిస్తే రెంటిలో ఏది ఉన్నా చూపిస్తుంది. ప్లొకేట్‌కి రెండూ ఉండాలి. రెండు మాటల్లో ఏదైనా చాలు అనుకుంటే రెండుసార్లు కొట్టుకో.

కూకట్‌పల్లి_రూట్:

ఈసారి అన్న రెండు ముక్కల్లో చెప్పింది వంద శాతం కరెక్ట్. నిజానికి నీ పనికి కొత్త పద్ధతే మేలు, "లొకేట్ నెమలి 2019" అని కొడితే రెండూ ఉన్నవే వస్తాయి. ప్లొకేట్ 2020లో వచ్చిన ప్రోగ్రామ్, పేర్లని మూడేసి బైట్ల ముక్కలుగా కోసి సూచిక కడుతుంది, పుస్తకం వెనక పదసూచిక ఉంటుంది చూడు, అలా. ఎమ్‌లొకేట్ చిట్టా అంతా పై నుంచి కింది దాకా చదివేది, ఇది సూటిగా ఆ పేజీకే వెళ్తుంది.

శుభలేఖ_సర్వర్:

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఇది చూసి నవ్వొద్దు. "ప్రశాంత్_రిసెప్షన్" అని ఒక ఫైల్ ఉంది. కళ్లముందే ఉంది, ఎల్ఎస్ కొడితే కనిపిస్తోంది. చిట్టా ఇప్పుడే తిరగరాశాను, అనుమతులు సరిగ్గానే ఉన్నాయి. లొకేట్ ప్రశాంత్ అంటే వస్తుంది, లొకేట్ రిసెప్షన్ అంటే వస్తుంది. మొత్తం పేరు "ప్రశాంత్_రిసెప్షన్" అని కొడితే రాదు! ఎల్ఎస్‌లోంచి మౌస్‌తో కాపీ చేసి పేస్ట్ చేస్తే వస్తుంది, అవే అక్షరాలు నేను టైప్ చేస్తే రాదు. నా చేతిలో ఏమన్నా దోషం ఉందా?

ఫైండ్_చాలు:

లొకేట్ 'ప్రశాంత్*రిసెప్షన్*' అని స్టార్ పెట్టి కొట్టి చూడు.

శుభలేఖ_సర్వర్:

అదీ ఖాళీయే.

సైనిక్‌పురి_అక్క:

స్టార్ ఆలోచన మంచిదే, పెట్టిన తీరు తప్పు. స్టార్ లేకుండా కొడితే లొకేట్ తనే ముందూ వెనకా స్టార్ ఉన్నట్టు అనుకుంటుంది. నువ్వు ఎక్కడైనా ఒక్క స్టార్ పెట్టావో, ఇక తనేమీ కలపదు, నువ్వు రాసింది మొత్తం దారితో మొదటి అక్షరం నుంచి సరిపోవాలి. దారి ఎప్పుడూ స్లాష్‌తో మొదలవుతుంది, ప్రశాంత్‌తో కాదు. '*ప్రశాంత్*రిసెప్షన్*' అని ముందు కూడా స్టార్ పెట్టు, లేదా -బీ పెట్టి ఫైల్ పేరు వరకే పోల్చమను. కొటేషన్ గుర్తులు మాత్రం మర్చిపోకు. అవి లేకపోతే ఆ స్టార్‌ని లొకేట్ దాకా పోనివ్వకుండా షెల్లే (మనం కొట్టిన కమాండ్లని ముందు చదివే ప్రోగ్రామ్) తినేసి, నువ్వు నిలబడ్డ ఫోల్డర్‌లో ఉన్న పేర్లు వడ్డిస్తుంది.

ఇక నీ చేతిలో దోషం లేదు, ఎవరి చేతిలోనో ఉంది. ఆ పేరుని హెక్స్‌డంప్ -సీలోకి పంపి చూడు, లోపల ఉన్న బైట్లు చూపిస్తుంది. ప్రశాంత్‌కీ అండర్‌స్కోర్‌కీ మధ్య ఈ2 80 8సీ అనే మూడు బైట్లు ఉన్నాయా?

శుభలేఖ_సర్వర్:

ఉన్నాయి!! ఏంటక్కా అవి?

సైనిక్‌పురి_అక్క:

జీరో విడ్త్ నాన్ జాయినర్. పేరులోనే ఉంది, వెడల్పు సున్నా. తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇది రోజూ అవసరం. "ప్రశాంత్‌కు" అని పొల్లు విడిగా కనిపించాలంటే తకారప్పొల్లు తర్వాత ఇది పడాలి, లేకపోతే కింద కావొత్తు తగులుకుని "ప్రశాంత్కు" అవుతుంది. కొన్ని కీబోర్డులు పొల్లు వస్తే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా దీన్ని తగిలిస్తాయి. కొన్నిట్లో మనమే నొక్కాలి. మీ ఆఫీసులో ఒకరు ఒక కీబోర్డు, ఇంకొకరు ఇంకో కీబోర్డు వాడుతున్నారు, పందెం. అండర్‌స్కోర్ ముందు దానికి పనే లేదు కాబట్టి కంటికి తేడా తెలియదు. కానీ లొకేట్‌కి కళ్లు లేవు, బైట్లే చూస్తుంది. ప్రశాంత్ వరకు కొడితే సరిపోయింది, రిసెప్షన్ కూడా సరిపోయింది, రెంటినీ కలిపేసరికి మధ్యలో కనిపించని మూడు బైట్లు అడ్డొచ్చాయి.

కూకట్‌పల్లి_రూట్:

అక్కా, పదేళ్లుగా లైనెక్స్ మీద బతుకుతున్నా, ఇది నాకూ కొత్త. అయితే రీనేమ్‌తో అన్ని పేర్లలోంచీ దాన్ని పీకేస్తే సరి కదా? ఒక్క లైన్ పని.

సైనిక్‌పురి_అక్క:

అయ్యో, వద్దు వద్దు. కార్డు లేఅవుట్ ఫైల్ లోపల బోర్డర్ బొమ్మలు, ఫోటోలు పేరుతో లింక్ చేసి ఉంటాయి. బొమ్మ పేరు మారిందా, లింక్ తెగుతుంది, 2011 నుంచి ఉన్న కార్డులు తెరిచిన ప్రతిసారీ "ఫైల్ ఎక్కడుంది" అని అడుగుతుంది. నేను ఒక పత్రిక ఆఫీసులో పనిచేసే రోజుల్లో ఒకాయన ఇలాంటి శుభ్రం చేస్తేనే రెండు వారాలు బ్యాకప్‌లోంచి తోడుకున్నాం. పాతవాటిని ముట్టుకోకు. వెతికేటప్పుడు మాటలు విడివిడిగా ఇవ్వు, లొకేట్ ప్రశాంత్ రిసెప్షన్, మధ్యలో ఖాళీ వదిలి. ప్లొకేట్‌లో రెండూ ఉండాలనే పద్ధతి ఇక్కడ నీకు కలిసొస్తుంది. స్టార్‌తో పని కూడా లేదు.

పొల్లు మాట మధ్యలో వచ్చే పేర్లున్నాయి చూడు, వెంకట్‌రెడ్డి లాంటివి, అలాంటి చోట వెంకట్ ఒకటి, రెడ్డి ఒకటి విడగొట్టి ఇచ్చుకో. కొత్త ఫైళ్లకి మాత్రం అందరికీ ఒకే కీబోర్డు పెట్టించు.

పనిలో పని ఇంకోటి అడుగుతా, పొడుగు పేర్లతో సేవ్ చేస్తే సర్వర్ ఒప్పుకోకపోవడం ఎప్పుడైనా జరిగిందా?

శుభలేఖ_సర్వర్:

ఎందుకు జరగలేదు! వరుడు, వధువు, ఇద్దరి ఇంటిపేర్లు, ఊరు, కల్యాణ మండపం, తేదీ, "ఫైనల్ ఫైనల్ కరెక్షన్ తర్వాత" అని పెడతారు మావాళ్లు. వాళ్ల మెషిన్‌లో సేవ్ అవుతుంది, సర్వర్‌లోకి లాగితే పేరు పెద్దదైందంటుంది. విండోస్ గొడవేమో అనుకున్నా.

సైనిక్‌పురి_అక్క:

విండోస్‌లో హద్దు 255 అక్షరాలైతే, నీ సర్వర్‌లో డిస్కు మీద ఫైళ్లు దాచే పద్ధతి ఈఎక్స్‌టీ4కి హద్దు 255 బైట్లు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, అంటే 85 గుర్తులు. గుణింతాలూ పొల్లులూ విడిగా లెక్కే. "లక్ష్మి" అని రాస్తే కంటికి రెండక్షరాలు, డిస్కుకి మాత్రం ఏడు గుర్తులు, 21 బైట్లు. శ్రీలక్ష్మీవెంకటేశ్వరరావు గారి అబ్బాయి పెళ్లికి నీ సర్వర్ అందుకే మొరాయిస్తోంది. మండపం పేరు ఫోల్డర్‌కి పెట్టించు, ఫైల్‌కి వద్దు.

ఫైండ్_చాలు:

ఒప్పుకుంటున్నా, లొకేట్ ఉంచుకోండి. స్టార్ విషయంలో నాదే తప్పు.

శుభలేఖ_సర్వర్:

వారం తర్వాత అప్‌డేట్. టైమర్ రోజూ 1:30కి, ఆరింటికి నడుస్తోంది. మధ్యాహ్నం డబ్బా తెరిచే టైముకి పాత డిస్కు గరగరలాడుతుంది, "నీ సర్వర్‌కీ ఆకలేస్తోందా" అంటున్నాడు మా మిషన్ ఆపరేటర్. 2016 ఫోల్డర్‌ని గ్రూపుకి ఇచ్చాను, కౌంటర్ అమ్మాయి ఇప్పుడు నన్ను పిలవకుండా తనే తీస్తోంది, నిన్న ఒక్కరోజే పదకొండు కార్డులు తీసింది. కీబోర్డు విషయంలో మాత్రం రాజీ కుదరలేదు. మా సీనియర్ డిజైనర్ "అను" అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్ల కాలం నుంచి అలవాటైన లేఅవుట్ వదలనంటే వదలనన్నాడు, కాబట్టి ఆయన ఫైళ్లలో ఆ సున్నా వెడల్పు దయ్యం ఉంటూనే ఉంటుంది, మేం మాటలు విడగొట్టి వెతుక్కుంటున్నాం.

ఆంటీ ఈ పొద్దున మళ్లీ వచ్చింది, చిన్నమ్మాయి కార్డు ప్రూఫ్ చూసుకోవడానికి. పరీక్షకన్నట్టు, "మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశం కార్డు కూడా మీరే వేశారు, 2014లో, అది తియ్యి చూద్దాం" అంది. ఇంటిపేరు, 2014 అని రెండు మాటలు కొట్టాను. టీ చెప్పేలోపే వచ్చింది.